అనుక్త పదార్థములు: స్త్రీశౌచ వస్తువుల పత్రికాప్రకటనలును వాని భాషయును

పత్రికల సంపుటములను కుట్టించునపుడు ప్రకటనల పుటలను చింపి పాఱవేయుట గ్రంథాలయములలో చిరకాలముగ నున్న యలవాటు. వ్యాసము నిలువదగినది, ప్రకటన నిలువదగనిది యను తలంపు దీనికి మూలము. దీనివలన నిఘంటుకారునకు కలిగిన నష్టము కొంచెము కాదు. కావ్యభాష కావ్యములయందును శాస్త్రభాష శాస్త్రములయందును నిలిచినది. కాని యొక కాలమున గృహస్థులు నలుగురిలో నేమాట పలుకుటకు జంకిరో, పలుకక తప్పనపుడు దానిని దేని చాటున నుంచి పలికిరో తెలుపునది ప్రకటనల పుటయే. అమ్మదలచినవాడు మాటాడక తీఱదు. సభ్యత పాటించినచో మాటాడ వీలులేదు. ఈ రెంటి నడుమ నలిగిన భాషకు స్త్రీల నెలసరి శౌచమునకు సంబంధించిన వస్తువుల ప్రకటనలకంటె తగిన యుదాహరణము లేదు.

ఈ జంకు ప్రకటనలతో పుట్టినది కాదు. సంస్కృతభాష దీని నెట్లు నిర్వహించెనో మొదట చూడదగును. అమరసింహుడు మనుష్యవర్గమున రజస్వల, స్త్రీధర్మిణి, అవి, ఆత్రేయి, మలిని, పుష్పవతి, ఋతుమతి, ఉదక్య అని యెనిమిది పేర్లు చెప్పెను. ఈ యెనిమిదింటిలో నొక్కటియైనను రక్తవాచకము కాదు. పుష్పవతి, ఋతుమతి యనునవి మతుప్ప్రత్యయాంతములు. అకారాంతమగు పుష్పశబ్దముపై మకారము వకారమైనది, ఉకారాంతమగు ఋతుశబ్దముపై మకారముగనే నిలిచినది. ఇంతవఱకు బాలురును ఎఱుగుదురు. ఉదక్య యనగా ఉదకమును, అనగా స్నానమును, అర్హించునది. ఆర్తవశబ్దము మఱింత రమ్యమైనది. ఋతువు దేనికి ప్రాప్తించినదో అది ఆర్తవమని పాణిని ఋతుశబ్దముపై అణ్ప్రత్యయమును విధించెను. కాలము వచ్చి పూచిన పూవును ఆర్తవమే, స్త్రీ నెలసరియు ఆర్తవమే.

రజస్వలాశబ్దమున మఱియొక విశేష మున్నది. రజస్సు, కృషి, ఆసుతి, పరిషత్తు అను నాలుగు శబ్దములపై మత్వర్థమున వలచ్ప్రత్యయము నొక్క సూత్రముననే పాణిని విధించెను. కనుక రజస్వలయు కృషీవలుడును తోబుట్టువులు. రజస్సనగా ధూళి, పుప్పొడి, రంగు అని పలు అర్థములు కలవు. రైతు దున్నిన నేలనుండి లేచునదియు రజస్సే. మలినీశబ్ద మొక్కటి తప్ప తక్కిన వాడుక పదములలో జుగుప్స లేదు. పూవు, ఋతువు, పుప్పొడి, నీరు – ఇవియే వాని మూలములు. స్మృతులు విధించిన దూరము సంస్కృత పదములలోనికి అంతగా చొరలేదనుట ఆశ్చర్యమే యైనను సత్యము.

తెలుగున నిది వేఱు. తెలుగుపదము ముట్టు. ముట్టుట యనగా తాకుట. తాకరాని స్థితికి తాకుటయే పేరైనది. ఇది విరుద్ధలక్షణ యనదగును. పనిముట్టు అనుచోట నున్న ముట్టు సాధనవాచకమగు వేఱొక పదము. దానిని దీనితో కలిపి చెప్పువారు కలరు, కాని ఆ పొందిక యుక్తము కాదు. బయట చేరుట, దూరముండుట, కడగా నుండుట, మైల – ఇవి తక్కిన వ్యవహారములు. పిల్లలు అడిగినచో కాకి ముట్టినదని చెప్పుదురు. తమిళమున తీట్టు, మలయాళమున తీండారి యనునవి తాకుటను తెలుపు తీండు ధాతువునకు చెందినవి. తమిళులు దూరమనియు అందురు. కన్నడమున ముట్టు అనియే వ్యవహారము. హొరగాగుట యనగా బయటనగుట. ద్రావిడభాష లన్నియు దేహధర్మమును విడిచి స్థలమును పట్టుకొనినవి. స్త్రీ యెట్లున్నదో చెప్పక, ఎచ్చట నున్నదో చెప్పుటతో సరిపుచ్చినవి.

ఈ తెలుగు కన్నడముల కలయిక ప్రత్యక్షముగ కానవచ్చు సీమ ఆదవాని, ఎమ్మిగనూరుల ప్రాంతము. ఆదవాని 1953వఱకు బళ్లారిజిల్లాలోనిది. పిమ్మట ఆంధ్రరాష్ట్రమున చేరినది. ఆ ప్రాంతముననే ఆస్పరి మండలమున కైరుప్పల యున్నది. ఉగాది మఱునాడు వీరభద్రస్వామి, కాళికాదేవుల పెండ్లి తగవును పురస్కరించుకొని ఊరివారు రెండు పక్షములై పిడకలతో కొట్టుకొను సమరమువలన ఆ యూరు పేరుగన్నది. ఇట్టి గ్రామములలో ముట్టు అను నొక్క మాట రెండు భాషలవారికిని అనువాద మక్కఱలేక చెల్లును.

ఆలంకారికులు అశ్లీలదోషము మూడు విధములని చెప్పిరి: వ్రీడను కలిగించునది, జుగుప్సను కలిగించునది, అమంగళమును స్ఫురింపజేయునది. ఒక పదము సామాన్యముగ వీనిలో నొక దోషమునకు పాత్రమగును. నెలసరిని తెలుపు పదము మూడింటికిని ఒకేసారి పాత్రమైనదని లోకము భావించినది. సిగ్గుపడవలసినది, రోతపడవలసినది, శుభకార్యమునకు అడ్డువచ్చునది. ఇట్టి పదము నుచ్చరింపక అర్థమును బోధింపవలెనన్నచో కవికి పర్యాయోక్తము కలదు. వర్తకుడును అలంకారశాస్త్రమును చదువకయే దాని నాశ్రయించెను.

అమెరికాదేశమున జాన్సన్ అండ్ జాన్సన్ వారు 1896లో లిస్టర్స్ టవల్స్ అను పేర ధరించి పాఱవేయదగిన శౌచవస్త్రములను విక్రయమునకు తెచ్చిరి. వస్తువు మంచిదే, కాని దాని గుఱించి బహిరంగముగ చెప్పు వీలు లేకపోవుటచే అది నిలువలేదు. తరువాత ప్రథమ ప్రపంచయుద్ధమున గాయములకు కట్టు కట్టుటకై కింబర్లీ క్లార్క్ వారు కలప గుజ్జునుండి యొక మెత్తని పదార్థమును చేసి దానికి సెల్లుకాటన్ అని పేరిడిరి. ఇది ప్రత్తికంటె నైదురెట్లు తేమను పీల్చుననియు చౌకయనియు వారు చెప్పిరి. యుద్ధభూమిలోని దాదులు కట్టుగుడ్డల నీ వేఱు ప్రయోజనమునకు వాడుకొనుట కంపెనీకి తెలిసినది. యుద్ధము ముగిసి మిగిలిన సరకునకు దారి దొరకినది. దాని పేరు కోటెక్స్.

ఈ పేరును వ్యాకరణము చదివినవారు గమనింపవలెను. కాటన్, టెక్స్చర్ అను రెండు మాటల తొలి భాగములను అతికి చేసిన పదమిది. ప్రత్తి పోగువంటిదని భావము. నామమున ప్రత్తి, వస్తువున కలపగుజ్జు! ప్రత్తి పండించి, ప్రత్తి వలిచి, ప్రత్తి బేరముతోనే బ్రదుకు ఆదవానివంటి పట్టణమువాడు ఈ వ్యుత్పత్తి విన్నచో నవ్వక మానడు. వస్తువేమో చెప్పరాదు గనుక అది దేనిని బోలియున్నదో చెప్పుటయే నామధేయమైనది. ఆ పోలికయు పూర్తిగా సత్యము కాదు.

కోటెక్స్ ప్రకటన లేడీస్ హోం జర్నల్ అను స్త్రీల మాసపత్రికలో 1921 జనవరిలో వెలువడెను. తొలినాటి ప్రకటనలలో యుద్ధము, దాదులు, గాయపడిన సైనికులు, శుభ్రత అను ప్రసంగములే ముందుండెను. యుద్ధమున చిందిన రక్తమును చూపి, చూపరాని రక్తమును స్ఫురింపజేయుట యిందలి యుపాయము. వీరుని రక్తము పవిత్రము గనుక దాని ప్రక్కన నీ వస్తువును నిలుపవచ్చును. అప్రస్తుతప్రశంస కిది చక్కని లక్ష్యము. అయినను స్త్రీలు దుకాణమునకు పోయి పురుషుడగు వర్తకు నడుగుటకు వెనుదీసిరి. అందుచే దుకాణపు బల్లపై డబ్బాలను పేర్చి, ప్రక్కన డబ్బు వేయుటకు పెట్టె నుంచు నేర్పాటు జరిగెను. స్త్రీ నాణెములను వేసి, డబ్బాను తీసికొని, మాటాడకయే మరలవచ్చును.

పోటీగా వచ్చిన మోడెస్ అను వస్తువును అమ్మువారు 1928లో నింకొక పద్ధతిని కనిపెట్టిరి. ప్రకటనలోనే యొక చీటీని అచ్చువేసిరి. దానిని కత్తిరించి దుకాణదారుని చేతి కిచ్చినచో చాలును. ఆతడు పొట్లమును చేతి కిచ్చును. మౌనక్రయమునకు మౌనపత్రము. ఆ 1928లోనే లీ మిల్లర్ అను నామె ఛాయాచిత్రమును కోటెక్స్ ప్రకటనలో ముద్రించిరి. అంతవఱకు బొమ్మలే కాని గుర్తింపదగిన స్త్రీ ముఖ మట్టి ప్రకటనలలో కానరాలేదు. 1940ల చివర మోడెస్ ప్రకటనలు అనుక్తిని పరాకాష్ఠకు కొనిపోయినవి. అమూల్యమైన దుస్తులు ధరించిన సుందరి యొక్కతె నిలిచియుండును. క్రింద రెండే మాటలు: వస్తువు పేరు, ఏలననగా. అంతటితో వాక్యము తెగిపోవును. వివక్షితమును చెప్పబోయి మానుట ఆక్షేపాలంకారమని ఆలంకారికులు చెప్పియుండగా, ఇరువదవ శతాబ్దపు అంగడివాడు దానికి లక్ష్యమును చూపెను.

ఇంతవఱకు వినోదముగ చదువుకొనవచ్చును. కాని పర్యాయోక్తము కావ్యమున రసమునకు తోడ్పడును. అంగడిలో నది ప్రాణాపాయమునకును దారితీయును. లైసాల్ అను క్రిమినాశక ద్రవము దీనికి సాక్ష్యము. నేలను, మరుగుదొడ్లను కడుగుటకు పనికివచ్చు నా ద్రవమును స్త్రీల శౌచమునకై దేహాంతర్భాగమున వాడుడని 1920ల నుండి అమెరికాదేశపు పత్రికలలో ప్రకటించిరి. స్త్రీశౌచము అను మాటకు అచ్చట రెండర్థములు. 1873 నాటి కామ్‌స్టాక్ శాసనముచే గర్భనిరోధక వస్తువులను గూర్చి ప్రకటించుటయు తపాలాలో పంపుటయు నిషిద్ధమైయుండెను. కనుక గర్భనిరోధమను నర్థమును శౌచమను మాటలో దాచి అమ్మిరి. భర్త ప్రేమ తగ్గినదని విలపించు భార్య బొమ్మ ప్రకటనలో నుండును. కారణ మేమో చెప్పబడదు. ఆ ద్రవమున క్రెసాల్ అను తీవ్రపదార్థము 1953వఱకు నుండెను. కాలి పుండ్లు పడినవారును ప్రాణములు గోల్పోయినవారును కలరు. గర్భనిరోధకముగ నది పనిచేయనులేదు. అయినను మోసపోతినని చెప్పుకొనుటకు స్త్రీకి మాట లేదు. ఏలయన అమ్మినవాడు దాని పేరు చెప్పి యమ్మలేదు. శబ్దముచే చెప్పని యర్థమునకు వక్త బాధ్యుడు కాడని తప్పించుకొనుటకు వీలైనది. వ్యంజనావృత్తి వర్తకునకు కవచమైనది.

ఇక తెలుగుదేశము మాట. ఒంగోలు సమీపమునందలి ఇనమనమెళ్లూరున 1875లో జన్మించి, బాల్యముననే చెన్నపట్టణము చేరిన కోట నరసింహ కేసరి ఆయుర్వేదవైద్యులై కేసరికుటీరమును స్థాపించిరి. ఆ కుటీరపు ఔషధములలో మిక్కిలి ప్రసిద్ధమైనది లోధ్ర. ఇది స్త్రీల వ్యాధులకై చేసిన మందు. కేసరిగారు 1928లో గృహలక్ష్మి యను మాసపత్రికను నెలకొల్పిరి. కనుపర్తి వరలక్ష్మమ్మగారి శారదలేఖలు అందు వెలువడినవి. స్త్రీ రచయిత్రులకు ఏటేట స్వర్ణకంకణ మిచ్చు సంప్రదాయమును ఆ పత్రిక 1934లో వరలక్ష్మమ్మగారితో ఆరంభించెను. 1953లో కేసరిగారు పరమపదించిరి. స్త్రీలకు మందమ్మి ఆర్జించినవారు స్త్రీలు వ్రాయుటకు పత్రిక పెట్టిరి. ఆ పత్రిక చదివిన స్త్రీలు మందు సంగతియు తెలిసికొనిరి. దీనిని కేవలము వ్యాపారమని తీసివేయుట న్యాయము కాదు. తెలుగుస్త్రీలు తమ పేరుతో అచ్చులో మాటాడుటకు చోటిచ్చిన పత్రికలలో నిది ముఖ్యమైనది.

కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించి, ఆ యాదాయముతో 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని నడపిన చరిత్ర అందఱెఱిగినదే. ఒకటి లేపనము, ఒకటి కషాయము. రెండును తెలుగు పత్రికలకు పోషకములు. అయినను ప్రకటనభాషలో వీని కెంతయో తేడా కలదు. తలనొప్పిని తలనొప్పియని పెద్ద యక్షరములలో అచ్చువేయవచ్చును. తలపట్టుకొని కూర్చున్న మనుష్యుని బొమ్మయు వేయవచ్చును. స్త్రీల మందునకు ఆ సౌకర్యము లేదు. దానికి పేరే సర్వస్వము.

ఆ పేరు నెంచినవారి నేర్పును మెచ్చుకొనవలెను. లోధ్రము తెలుగున లొద్దుగ. దాని పట్ట కషాయరసము కలది. చరకమున చెప్పబడిన పుష్యానుగచూర్ణమున లోధ్రము చేరియున్నది. అది స్త్రీల అధికరక్తస్రావమునకు విధింపబడిన యోగము. లోధ్రశబ్దమునకు రోధ్రమను రూపాంతరము కలదు. రలలకు అభేదము ప్రసిద్ధము. రుధ్ ధాతువునకు అడ్డగించుట యర్థము. స్రావమును అడ్డగించునది లోధ్రము. ఇంతయర్థమును ఆ రెండక్షరములు తమలో నిముడ్చుకొనినవి. సామాన్యపాఠకునకు నది వినసొంపైన యొక పేరు మాత్రమే. కావ్యము చదివినవారికి అలకాపురస్త్రీలు ముఖమున నలదుకొనిన లోధ్రపుష్పపరాగము మేఘసందేశమునుండి స్మృతికి వచ్చును. వైద్యునకు మందు తెలియును. ఒక్క పదము మువ్వురకు మూడు విధములుగ వినబడి, ఎవ్వరికిని సిగ్గు కలిగింపదు. ఇట్లే అశోకపట్టతో చేయు అశోకారిష్టమున శోకము లేకుండుట యను నర్థము వినబడుచునే యున్నది.

కొనువిధమునను పోలిక కలదు. అమెరికాస్త్రీకి మౌనపత్రమెట్లో తెలుగుస్త్రీకి వి.పి.పి. యట్లు. సరకు తపాలాలో వచ్చును, ఇంటివద్దనే సొమ్ము చెల్లింపవచ్చును. ఈ పద్ధతి మనదేశమున 1877 నుండి యున్నది. మందులు, పుస్తకములు, గడియారములు దీని మూలముననే పల్లెలకు చేరినవి. మద్రాసు బొంబాయి రైలుమార్గము 1871లో పూర్తియైనప్పటినుండి ఆదవానికి, ఆస్పరికి తపాలా సంచులు తిన్నగ వచ్చుచుండెను. అంగడిలో నొకరి నడుగ నక్కఱలేదు. అయితే పొట్లమును ఇంటి వాకిట నందుకొనువాడు పురుషుడు; చీటీ వ్రాసినవాడును తఱుచుగ నాతడే.

ఇచ్చట ముఖ్యవిషయ మొకటి విచారింపవలసియున్నది. అమెరికాపత్రికలలో అమ్మినది గుడ్డకు మాఱుగ వచ్చిన వస్తువు. ఆరోగ్యవతియగు స్త్రీకి నెలనెల కావలసినది. తెలుగుపత్రికలలో ప్రధానముగ కనుపట్టునది మందు, రోగికి కావలసినది. ఈ భేదమునకు ధనమొక్కటియే కారణము కాదు, భాషయు కారణము. ఋతుశూల, ఋతుదోషము, ప్రదరము, గర్భాశయరోగము – ఈ మాటలను వైద్యశాస్త్రము మొదటినుండియు సిద్ధముగ నుంచినది. శాస్త్రపదమున కశ్లీలదోషము లేదు. కనుక వానిని అచ్చువేయవచ్చును. దోషములేని ఋతువును, రోగముకాని ముట్టును నలుగురిలో చెప్పుటకు సభ్యమైన పద మేదియు లేకపోయెను. స్త్రీధర్మిణి యని అమరుడు ధర్మముగ చెప్పినది ప్రకటనల పుటలో వ్యాధిగ మాత్రమే ప్రవేశింపగలిగినది. చదివిన స్త్రీ తన దేహధర్మమును గూర్చి అచ్చులో కనుగొన్న మొదటి మాట రోగమను మాటయే యైనచో, దానిని రోగముగనే తలచుట వింత కాదు. నిజమగు రోగము కలవారికి మందువలన మేలు కలిగియుండవచ్చును; కాని దోషమేదో ధర్మమేదో వేఱుపఱచి చెప్పువారు లేని చోట, మందు ప్రకటనయే శాస్త్రమై కూర్చున్నది.

ఈ యవస్థను పార్లమెంటు గమనించెను. ఔషధములు, అద్భుతచికిత్సలు – అభ్యంతరకర ప్రకటనలను గూర్చిన 1954వ సంవత్సరపు 21వ శాసనము 1955 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. దాని మూడవ సెక్షనున స్త్రీల ఋతుదోషములను సవరించుననిగాని, గర్భస్రావము కలిగించుననిగాని, గర్భమును నిరోధించుననిగాని ఔషధమును ప్రకటించుట నిషిద్ధమైనది. అనుబంధములోని వ్యాధుల పట్టికలో ఋతుస్రావ వికారములు, గర్భాశయ వికారములు, స్త్రీవ్యాధులు సామాన్యముగ అను పేర్లు కలవు. లైసాల్ కథను తెలిసినవారు ఈ నిషేధమును ఆక్షేపింపజాలరు. కాని దీనికి అనుకొనని ఫలమొకటి కలదు. ఆర్తవమును గూర్చి తెలుగున అచ్చులో నున్న ఆ కొలదిపాటి వ్యవహారమును మఱింత వెనుకకు తగ్గినది. తప్పుమాట పోయినది, దాని స్థానమున ఒప్పుమాట వెంటనే రాలేదు.

కైరుప్పలవంటి గ్రామమున నీ ప్రకటనలను చదివినవారెవరు? అక్షరములు నేర్చిన స్త్రీలు ఆనాడు మిక్కిలి కొలదిమంది. తక్కినవారి సాధనము చిరిగిన నూలుచీర పేలిక. దీనిని హీనముగ చూచుట తగదు. నేత నూలుబట్ట పలుమాఱు ఉదికి గంజి పోయినపిదప క్రొత్తబట్టకంటె తేమను బాగుగ పీల్చును, మెత్తగనుండును. ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు 1938లో చేనేతకారుల సహకారసంఘమును నెలకొల్పిన సీమలో నూలుబట్టకు కొదువ లేదు. పేలికలో దోషము లేదు. దోషమంతయు దానిని ఆఱవేయుటలో నున్నది. ఉదికిన పేలికను ఎండలో పఱచినచో సూర్యుడే దానిని శుద్ధిచేయును. కాని నలుగురి కంటబడునను వెఱపుచే మంచము క్రిందనో, చీకటి మూలనో, వేఱొక చీర చాటుననో ఆఱవేయుట ఆచారమైనది. తడి యాఱని గుడ్డ క్రిములకు నెలవు. అమెరికాలో పేరు దాచుట లైసాలునకు తోడ్పడినట్లు, ఇచ్చట గుడ్డను దాచుట వ్యాధికి తోడ్పడినది. పేలికను ఎండలో ఆఱవేయుడని చెప్పు ప్రకటన యేపత్రికలోను ఉండుటకు వీలులేదు. ఏలయన దానివలన ఎవ్వరికిని దమ్మిడీ రాదు. ప్రత్తిచేలలో వంగి ప్రత్తి యేఱు స్త్రీలకు కావలసినది ఆ యొక్క వాక్యమే.

తరువాతి కాలమున మనదేశపు అంగళ్లలోనికి వచ్చిన పేర్లను పరిశీలించిన వింత తోచును. కేర్‌ఫ్రీ యనగా చింత లేనిది. స్టేఫ్రీ యనగా స్వేచ్ఛగ నుండుము. విస్పర్ యనగా గుసగుస. చెవిలో చెప్పవలసినదియే గాని బిగ్గఱగ చెప్పరానిదని పేరే యొప్పుకొనుచున్నది. కేంద్రప్రభుత్వము 2011లో పల్లెలలోని బాలికలకు ఆశాకార్యకర్తల మూలమున ఆఱు రూపాయలకు ఆఱు చొప్పున అమ్మించిన వస్తువునకు ఫ్రీడేస్ అని పేరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2021 అక్టోబరులో ప్రభుత్వపాఠశాలల బాలికలకు నెలకు పది చొప్పున ఉచితముగ ఇచ్చుటకు ఆరంభించిన పథకము పేరు స్వేచ్ఛ. అన్నింటను విముక్తియే వాచ్యము. దేనినుండి విముక్తి యను నాకాంక్ష పేరున పూరింపబడదు. పంచమీవిభక్తి యెల్లపుడును అధ్యాహార్యమే.

దూరదర్శనమున నీ వస్తువుల ప్రకటనలు వచ్చినపుడు రక్తమునకు మాఱు నీలిద్రవమును గుడ్డపై పోసి చూపుట దేశదేశములందును సంప్రదాయమైనది. కవిసమయములలో కీర్తి తెలుపు, అపకీర్తి నలుపు, అనురాగ మెఱుపు. రక్తము నీలమనుట ఏ కవియు సాహసింపలేదు. అమెరికాదేశపు దూరదర్శన ప్రకటనలో నెలసరిని తెలుపు వాడుకమాట మొదట వినబడినది 1985లో. ఎఱ్ఱని ద్రవమును చూపుటకు 2017వఱకు ఐరోపాలోనివారును వెనుదీసిరి.

వీనిలో భాషావేత్తలకు ప్రత్యేకముగ చెప్పదగిన ప్రకటన 2014 నాటిది. రజస్వల ఊరగాయను ముట్టినచో నది చెడునను నమ్మకము దేశమంతట కలదు. ఆవకాయ జాడీల నింటిలో దీనిని వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఊరగాయను ముట్టుమని పిలుపునిచ్చుచు విస్పర్ వారు నడపిన యా ప్రకటనోద్యమమునకు 2015లో ఫ్రాన్సుదేశమునందలి కాన్ నగరపు ప్రకటనోత్సవమున మహాపురస్కారము లభించెను. దానిని నడపినవారికి తెలిసియుండదు గాని, తెలుగున చెప్పినచో నా పిలుపునకు ప్రత్యేకమైన బల మున్నది. ముట్టు అను నామమును, ముట్టుము అను విధిరూపమును ఒకే ధాతువునుండి వచ్చినవి. తాకరానిదని స్త్రీకి పేరుపెట్టిన మాటనే క్రియగ మార్చి ఆమె చేతికిచ్చినట్లైనది.

నేడు పాఠశాలలలో దీనిని చెప్పవలసివచ్చిన పండితునకు ఏమాట తగినదను ప్రశ్న మిగిలియున్నది. శాస్త్రగ్రంథములు ఋతుచక్రము, ఋతుస్రావము అనుచున్నవి. పత్రికలు రుతుక్రమమని రకారముతో వ్రాయుచున్నవి. ఋకారమును విడుచుట ఉచ్చారణానుసారమే యైనను, ఆర్తవశబ్దముతోడి సంబంధమును చూపుటకు ఋతుశబ్దముననే వ్రాయుట మేలు. నెలసరి యను తెలుగుమాట సభ్యమైనది, సులభమైనది, స్థలమును గాక కాలమును చెప్పునది; ఋతుశబ్దమునకు సరియైన తెలుగు నిదియే. ముట్టు అను మాట మానదగినదని కొందఱందురు. కైరుప్పలలో తల్లి వాడుమాటను బడిలో బాలిక వినగూడని మాటగ చేయుట యుక్తము కాదు. దానిని నెలసరి ప్రక్కన నుంచి, వ్యుత్పత్తి చెప్పి, అది తాకుటనుండి పుట్టిన పదమే గాని దేహదోషమును చెప్పు పదము కాదని తెలుపవచ్చును.

క్రియకు పేరు దొరకినను వస్తువునకు తెలుగున నింకను పేరు కుదురలేదు. డబ్బాపై ఆంగ్లమే తెలుగులిపిలో శానిటరీ న్యాప్‌కిన్ అని కనబడును. వాడుకలో ప్యాడు అందురు. ఇది ఉకారాంతమై, బహువచనమున ప్యాడ్లు అని లువర్ణకమును చేర్చుకొని, ప్యాడునకు, ప్యాడుతో అని విభక్తులను పొంది, తెలుగువ్యాకరణమునకు పూర్తిగ లోబడినది.